కొత్తిమిర వాసన - ముక్కు చెప్పు మాట

ఢిల్లీలో కూరగాయలు కొన్నవారికి బండివాడు కొసరుగా గుప్పెడు కొత్తిమిర వేయుట పరిపాటి. దానిని చారులో వేసినచో ఇంటిల్లిపాదియు సంతోషింతురు. కాని ఎక్కడనో ఒక బిడ్డ "సబ్బు వాసన వేయుచున్నది" అని కంచము త్రోసివేయును. మనము వానిని పేచీకోరని గద్దింతుము. ఈ గద్దింపు న్యాయము కాదని నా అభిప్రాయము.

ముక్కు లోపల పైభాగమున వాసనను గుర్తించు నాడీకణములు గలవు. వాటిపై గ్రాహకములను మాంసకృత్తులుండును. వాటి నిర్మాణమునకు కావలసిన ఆదేశము జన్యువులలో నిమిడియున్నది. మానవులలో పనిచేయు ఘ్రాణగ్రాహక జన్యువులు సుమారు 400. ఈ జన్యుకుటుంబమును 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 2004లో నోబెల్ బహుమానము నందిరి. వీనిలో ఓఆర్6ఏ2 అను జన్యువు 11వ క్రోమోసోముపై నున్నది. కొత్తిమిర వాసనకు మూలమైన ఆల్డిహైడులను దీని గ్రాహకము పసిగట్టును. ఈ జన్యువు చెంతనున్న ఒక స్వల్పభేదమునకును, సబ్బువాసన తోచుటకును సంబంధము కలదని 2012లో ఒక పరిశోధన తెలిపినది. ఆ ప్రభావము కొద్దిపాటిదే; అయినను బిడ్డ చెప్పినది కల్ల కాదనుటకు అది చాలును.

పుట్టుకతో వచ్చిన ఇట్టి భేదము రోగము కాదు. నిన్నటిదాక తెలిసిన వాసన నేడు తెలియకుండుట వేరు. 2020 జూన్ 13న కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ వాసన, రుచి కోల్పోవుటను కోవిడ్ లక్షణములలో చేర్చినది. కంపవాతము బయటపడుటకు ఏండ్లకు ముందే కొందరికి ఘ్రాణశక్తి తగ్గును. వంటగ్యాసునకు స్వతహాగా వాసన లేదు. కారినప్పుడు తెలియుటకై ఇథైల్ మెర్కాప్టను కలుపుదురు. ముక్కు పనిచేయని వారికి ఆ హెచ్చరిక అందదు.

కన్నును, చెవిని పరీక్షింపజేసికొను మనము ముక్కును మరచుట తగదు. ఇంటిలోని పెద్దలను అప్పుడప్పుడు కన్నులు మూసికొని ఇంగువను, కాఫీపొడిని, నారింజతొక్కను వాసన చూడుమనుట కష్టమైన పని కాదు. తేడా కనిపించినచో వైద్యునికి చూపవలెను. వాసన తెలియని వారు ఒంటరిగా వండుకొను ఇంట గ్యాసు కారినచో మ్రోగు యంత్రమును అమర్చుట మేలు.

కొత్తిమిర వలదన్న బిడ్డను గద్దింపకుడు. ఇంగువ వాసన తెలియుట లేదన్న తాతగారి మాటను వయసు మీద త్రోసివేయకుడు. ఇద్దరి మాటయు వినదగినదే.