ఫార్మాటునకు ముందు ఒక మాట

పాత ఆపరేటింగ్ సిస్టముపై క్రొత్తదానిని ఎక్కించుచుండగా నడుమ కరెంటు పోయియో, డిస్కులో చోటు చాలకయో కంప్యూటరు నిలిచిపోయి, నల్లని తెరపై గిరగిర తిరుగు చుక్కలు తప్ప మఱేమియు కానరానప్పుడు, యజమాని ఆ సీపీయూను స్కూటరుపై పెట్టుకొని మరమ్మతు దుకాణమునకు పోగా, అచ్చట సావకాశముగా పరీక్షింపకయే వెలువడు తీర్పు మనకు సుపరిచితము: “ఫార్మాట్ కొట్టెయ్యాలండీ, వేరే దారి లేదు.” ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొనుట యను సామెత ఈ చికిత్సను చూచియే పుట్టినదా యనిపించును.

యంత్రము లేవకపోవుట వేఱు, అందలి దస్త్రములు నశించుట వేఱు. అప్‌గ్రేడు విఫలమైనపుడు సాధారణముగా చెడునది యంత్రమును మేలుకొలుపు భాగమే గాని, బిడ్డల ఫోటోలును, దుకాణపు లెక్కలును, డీటీపీ వారు ‘అను’ ఫాంట్లలో కూర్చిన పుస్తకములును కావు. ఉబుంటు వంటి వ్యవస్థను పెన్‌డ్రైవునుండి నడిపియో, డిస్కును ఊడదీసి వేఱొక కంప్యూటరునకు తగిలించియో వానిని ముందుగా కాపీ చేసికొనవచ్చును. విండోసులోనే స్టార్టప్ రిపేరును, కడపట వచ్చిన అప్‌డేటును తొలగించు మార్గమును కలవు. అప్‌గ్రేడు ముగిసిన పిదప సైతము పాత వ్యవస్థ ‘విండోస్.ఓల్డ్’ అను ఫోల్డరులో సాధారణముగా 10 దినములు నిలిచియుండి, వెనుకకు మరలుటకు అవకాశ మిచ్చును.

దస్త్రములకే ముప్పు వాటిల్లిన సందర్భములును లేకపోలేదు. 2018 అక్టోబరులో వెలువడిన విండోస్ 10 అప్‌డేటు, డాక్యుమెంట్లు మొదలగు ఫోల్డరులను వేఱొక చోటికి మార్చుకొన్నవారి పాత చోటులలో మిగిలియున్న దస్త్రములను తుడిచివేయగా, మైక్రోసాఫ్ట్ కొలది దినములలోనే దానిని నిలిపివేసి, దోషము సవరించి నవంబరులో మరల విడుదల చేసినది. నష్టము నివేదించినవారు పదివేలలో ఒకరని సంస్థ లెక్క చెప్పినది. అట్టి బాధితులకు అది యిచ్చిన మొదటి సలహా యేమనగా, ఆ కంప్యూటరును వీలైనంత తక్కువగా వాడుడని. చెరిగిన దస్త్రముపై క్రొత్తవ్రాత పడనంతవఱకే దానిని తిరిగి రాబట్టు ఆశ కలదు. ఫార్మాటుపై క్రొత్త వ్యవస్థను ఎక్కించుట ఆ ఆశను చేజేతుల చెరుపుకొనుటయే. ఎస్‌ఎస్‌డీలలోనైతే చెరిపినది మరల దొరకుట మిక్కిలి దుర్లభము.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది గనుక, పాత కంప్యూటర్లను క్రొత్త వ్యవస్థకు మార్చుకొను తొందర ఇంటింట కనబడుచున్నది. ఈ తరుణమున నేను కోరునది అత్యాశ కాదు. యజమాని అనుమతి లేక, దస్త్రములను కాపీ చేయక ఏ దుకాణము వారును ఫార్మాటు చేయరాదు. తయారీదారులు వెనుకకు మరలు గడువును పది దినములకే పరిమితము చేయరాదు. నెల గడచిన గాని బయటపడని దోషము లుండును. ఇక యజమాని, అప్‌గ్రేడునకు పూర్వమే దస్త్రములను వేఱొక డిస్కుపై నిలుపుకొని, బిట్‌లాకరు తాళము వేసియున్నచో దాని 48 అంకెల రికవరీ కీని కాగితముపై వ్రాసి బీరువాలో దాచుకొనవలెను. ఆ అంకెలు లేనిచో ఎంతటి నిపుణుడైనను ఆ డిస్కు ముందు చేతులు కట్టుకొని నిలువవలసినదే.

సీసపు అక్షరములతో కూర్చు కాలమున ముద్రణాలయములలో ఒక కట్టుబాటు ఉండెడిది: ఫారము అచ్చు ముగియక మునుపు, కూర్చిన అక్షరములను విప్పి గళ్ళలో వేయరాదని. ఎంత పని ఒత్తిడిలో నున్నను కంపోజిటరు దానిని మీఱెడివాడు కాడు; ఏలయన విప్పినది మరల కూర్చుటకు ఎంత కాలము పట్టునో వాని వ్రేళ్ళకు తెలియును. ఒక్క మీటతో సమస్తమును విప్పివేయగల నేటి వ్రేళ్ళకు ఆ జంకును ఎవరైన నేర్పవలసియున్నది.