ఆటగాళ్ళను బట్టి కాపుదల



మా సత్యనారాయణపేటలో కొన్నాళ్ళుగా పెద్దల నడుమ బాస్కెట్‌బాల్ గురించి ఒక వాదం సాగుతున్నది. మా వైపు కుర్రవాళ్ళ జట్టుకు ఆట నేర్పే కోచ్‌గారు యువకులు, కష్టజీవులు. ప్రతిఫలం ఆశించకుండా పొద్దు పొడవక మునుపే వచ్చి నిలబడతారు. వారి శ్రద్ధను శంకించేవారు ఎవరూ లేరు. వారు పట్టిన రక్షణ పద్ధతి ఈ పిల్లలకు తగునా అన్నదొక్కటే ప్రశ్న. ప్రభుత్వ కచ్చేరీలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందిన నాటినుండి సాయంకాలాలు ఆ ఆటస్థలం వద్దనే గడుపుతున్నాను గనుక, నాకు తోచిన నాలుగు మాటలు తమ పత్రికాముఖంగా విన్నవించుకుంటున్నాను.

ఈ ఆటలో కాపుదల ముఖ్యంగా రెండు విధాలు. ఒక్కొక్క ఆటగాడు ఎదుటి జట్టులోని ఒక్కొక్కని వెంట నీడవలె తిరగడం మొదటిది. దీనిని మ్యాన్ టు మ్యాన్ అంటారు. ఎవరి చోటు వారు కాచుకొని, ఆ చోటికి వచ్చినవానిని అడ్డుకోవడం రెండవది. దీనికి జోన్ అని పేరు. మా కోచ్‌గారు మొదటి పద్ధతినే, అదీ 28 మీటర్ల ఆవరణమంతటా, ఆట జరిగే 40 నిమిషాలూ నడిపిస్తున్నారు.

మా జట్టులో ఉన్నది ఎనిమిదిమంది. వారిలో పొడగరులు ఇద్దరే. ఆడేది సిమెంటు నేల మీద, బళ్ళారి ఎండలో. నిండా పన్నెండుమంది ఉన్న జట్టయితే అలసినవానిని కూర్చోబెట్టి మరొకని దింపవచ్చును. మా వాళ్ళకు ఆ వసతి లేదు. సగం ఆట గడిచేసరికి కాళ్ళు బరువెక్కుతాయి. కాళ్ళు కదలనప్పుడు చేతులు ముందుకు పోతాయి. చేయి తగిలితే ఫౌల్. అయిదు ఫౌళ్ళయితే వాడు బయటికి నడవవలసిందే. చివరి భాగంలో మా మేలైన ఆటగాళ్ళు గట్టున కూర్చొని చూడడం పరిపాటి అయిపోయింది. చూసేవారు "వీడికి ఆట రాదు" అంటున్నారు. పొట్టివానిని తనకంటె జానెడు పొడుగైనవాని మీదికి ఒంటరిగా తోలి, ఓడినందుకు వానినే తప్పుపట్టడం న్యాయమా?

కోచ్‌గారి పక్షాన ఒక మాట ఉన్నది; దానిని తోసివేయరాదు. ఒకనిని ఒంటరిగా కాపలా కాయడం నేర్వనివాడు జోన్‌లో దాక్కుంటాడు గాని ఆట నేర్వడని వారి వాదం. నిజమే. ఈ కారణంగానే ఆస్ట్రేలియాలో పద్నాలుగేళ్ళ లోపు పిల్లల పోటీలలో జోన్ రక్షణను ఒప్పుకోరు. కాని మా వాళ్ళు ఎస్.ఎస్.ఎల్.సి. వయసు దాటుతున్నవారు. ఓనమాలు అయిపోయినవి, ఇక ఉన్న బలంతో నెగ్గుకురావడం నేర్పాలి.

పెద్ద ఆటగాళ్ళ సంగతే చూడండి. అమెరికా ఎన్.బి.ఏ. పోటీలలో 2001 వరకు జోన్ రక్షణ నిషిద్ధం. నిషేధం తొలగిన పదేళ్ళకు, 2011 అంత్యపోటీలో, డల్లాస్ జట్టు మయామీ జట్టును 4-2 ఆటల తేడాతో ఓడించింది. మయామీ పక్షాన లెబ్రాన్ జేమ్స్, డ్వెయిన్ వేడ్ వంటి వేగవంతులు. డల్లాస్‌లో జేసన్ కిడ్‌కు 38 ఏళ్ళు, డర్క్ నోవిట్‌స్కీకి 33 నిండవస్తున్నవి. కోచ్ రిక్ కార్లైల్ అంత వయసువారిని ఆటంతా పరుగులు పెట్టించలేదు. నడుమ నడుమ జోన్‌కు మార్చి, ఎదుటివారి వేగానికి అడ్డుకట్ట వేశాడు.

అంత దూరం పోనక్కరలేదంటే, ఆట వేరైనా, మన హైదరాబాదు రహీం సాహెబు ఉన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయులు. వారు తీర్చిన హైదరాబాదు పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మన దేశపు జట్టు మొదట దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. రక్షణలో మేటి అయిన జర్నైల్ సింగ్ తలకు తర్వాతి ఆటలో గాయమైంది. "రక్షకుడు రక్షకుడే" అని రహీం సాహెబు పట్టుబట్టలేదు. గాయపడినవానిని ముందువరుసకు పంపారు. జర్నైల్ సెమీఫైనలులోను, ఫైనలులోను గోలు కొట్టాడు. అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణపతకం తెచ్చుకున్నాం. ఉన్న మనుషులను చూసి పద్ధతిని మార్చడమంటే ఇదే.

కనుక మా కోచ్‌గారికి నా మనవి ఇది. ఆట మొదట అయిదు నిమిషాలు, చివర అయిదు నిమిషాలు మీ పద్ధతినే ఉంచండి. నడుమ జోన్‌కు మారి, పొడగరులిద్దరినీ వలయం వద్ద నిలిపి, చురుకైన పొట్టివారిని ముందు కాపలా పెట్టండి. 6.75 మీటర్ల గీత వెలుపలినుండి గురి తప్పకుండా వేసేవాడు ఎదుటి పక్షాన ఉంటే జోన్‌కు చిక్కే. అప్పుడు వాని ఒక్కనికి వేరే కాపలా పెట్టవచ్చును.

మరొక్క సంగతి. జోన్‌లో నోరు మెదపనివాడు గోడతో సమానం. మన పిల్లలు ఇంట తెలుగు, బడిలో కన్నడం, వీధిలో ఉర్దూ మాట్లాడతారు. తొందరలో తలా ఒక భాషలో కేక వేస్తే ఎవరికీ అందదు. ఏ భాషవైనా సరే, నాలుగు చిన్నమాటలు ముందే అందరూ ఒప్పుకొని అలవాటు చేసుకోవాలి.

ఇదంతా ఒక కప్పు కోసం వ్రాయడం లేదు. "రోజూ అలసిపోయి వస్తున్నాడు, ఆటలో ఓటమీ తప్పడం లేదు, చదువైనా దక్కనీ" అని ఇద్దరు తండ్రులు పిల్లలను మాన్పించారు. ఉన్న ఎనిమిదిమంది ఆరుగురైతే, ఏ పద్ధతీ నడవదు. కోచ్‌గారు కినుక వహించక ఆలోచింతురు గాక.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా
సత్యనారాయణపేట, బళ్ళారి