ఆలివ్ నూనె కేకు షుగర్ రోగులు తినవచ్చునా?

తెనాలి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది:

"డాక్టరుగారూ, మావారికి 58 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగరు ఉంది. రెండేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. ఆయనకు తీపి అంటే ప్రాణం. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. మొన్న వచ్చినప్పుడు రెండు సీసాల ఆలివ్ నూనె తెచ్చి, వెన్న బదులు అది పోసి అరటిపండు కేకు, బత్తాయి కేకు చేయడం నేర్పి వెళ్లింది. గుండెకు మంచిది, నాన్నకు ఎంతయినా పెట్టవచ్చు అంటుంది. పక్కింటావిడేమో ఆలివ్ నూనె వేడి చేస్తే విషమవుతుంది అంటున్నారు. ఎవరి మాట నమ్మను? మా నాలుగేళ్ల మనవడికి పెట్టవచ్చునా?"

అమ్మా, మీ అమ్మాయి చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. పక్కింటావిడ మాటలో అదీ లేదు. ముందుగా మీ అమ్మాయి మాట సంగతి చూద్దాం. ఎందుకంటే ప్రాణం మీదికి తెచ్చేవి సగం నిజాలే.

కిందటేడాది మా ఆసుపత్రి ఓ.పి.కి ఒక రిటైర్డు మాస్టారు వచ్చారు. ఆయనకూ షుగరుంది. ఒకసారి గుండెపోటు వచ్చి తగ్గిన మనిషి. మందులు వేళకు వేసుకుంటారు, పొద్దున్నే నడుస్తారు. మూడు నెలల షుగరు సగటును చెప్పే హెచ్.బి.ఎ.1.సి. పరీక్షలో ఎప్పుడూ ఏడుకు అటూ ఇటూ ఉండే ఆయనకు ఆ రోజు 9.4 వచ్చింది. "పథ్యం తప్పలేదండీ, అన్నం కూడా తగ్గించాను" అని ఆయన. వెంట వచ్చిన కోడలిని అడిగాను. "పొద్దున ఇడ్లీ మానేసి కేకు తింటున్నారండీ. మైదా వేయను, గోధుమపిండే. పంచదార కూడా వేయను, బెల్లమే. నూనె ఆలివ్ నూనె. నిండా అరటిపళ్లు వేస్తాను" అందా అమ్మాయి. పొద్దున రెండు ముక్కలు, సాయంత్రం కాఫీతో ఇంకొకటి. మూడు నాలుగు నెలలుగా ఇదే వరస.

అంతటితో అయిపోలేదు. మందుల చీటీ తిరగేస్తూ కొలెస్ట్రాల్ మాత్ర గురించి అడిగితే మాస్టారు నసిగారు. "అంత ఖరీదైన నూనె లోపలికి పోతుంటే మళ్లీ ఆ మాత్ర దేనికని ఆపేశానండీ" అన్నారు. గుండెపోటు వచ్చినవారికి ఆ స్టాటిన్ మాత్రే పెద్ద కాపలా. రక్తనాళంలో పేరుకున్న కొవ్వు పగిలి మళ్లీ గడ్డ కట్టకుండా చూసేది అదే. దాన్ని ఒక కేకు కోసం వదిలేశారు! అదృష్టవశాత్తూ ఇ.సి.జి.లో కొత్త మార్పు ఏమీ లేదు. మందు మళ్లీ మొదలుపెట్టించి పంపాను. కోడలు కళ్ల నీళ్లు పెట్టుకుని "మామయ్యగారి కోసమే నేర్చుకున్నానండీ" అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఆ మాట మాస్టారికి కూడా కాస్త గట్టిగానే చెప్పాను.

ఇంతకీ ఆలివ్ నూనెలో మంచి ఏమిటి? కొవ్వులన్నీ ఒక జాతివి కావు. వెన్నలోని కొవ్వులో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వు. ఇది రక్తంలో ఎల్.డి.ఎల్. అనే చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. ఆలివ్ నూనెలో అటువంటిది ఏడో వంతు మాత్రమే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఒలీయిక్ ఆమ్లం, అది గుండెకు మేలైనది. కేకులో 100 గ్రాముల వెన్న వేసేచోట సుమారు 80 మిల్లీలీటర్ల నూనె సరిపోతుంది. వెన్నతో 50 గ్రాముల సంతృప్త కొవ్వు వస్తే, ఆ నూనెతో వచ్చేది పది గ్రాములు. ఇది చిన్న లాభం కాదు. పూర్వం కేకుల్లో, బిస్కెట్లలో విరివిగా పడిన వనస్పతితో పోలిస్తే లాభం ఇంకా ఎక్కువ. వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు వెన్న కంటే కూడా చెడ్డది. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో అది నూటికి రెండు పాళ్లు మించరాదని నిబంధన వచ్చింది.

మంచిదన్న మాట ఇక్కడికే. కాలరీల లెక్కకు వస్తే ఆలివ్ నూనె కూడా నూనే. గ్రాముకు తొమ్మిది కాలరీలు. ఒక పెద్ద చెంచాకు 120. వేరుశనగ నూనెకైనా అంతే, నేతికైనా ఇంచుమించు అంతే.

ఇక మీ అరటిపండు కేకును కాగితం మీద విడదీసి చూద్దాం. మామూలుగా ఇళ్లలో వేసే కొలతలు ఇవి: 200 గ్రాముల పిండి, 150 గ్రాముల పంచదార, 120 మిల్లీలీటర్ల నూనె, రెండు గుడ్లు, మూడు అరటిపళ్లు. మొత్తం దాదాపు 2,700 కాలరీలు. పన్నెండు ముక్కలు కోస్తే ముక్కకు 225. ముక్కలో పిండిపదార్థం, చక్కెర కలిసి సుమారు 30 గ్రాములు. పంచదార ఒక్కటే పన్నెండున్నర గ్రాములు. ఆహారంలో విడిగా కలిపే చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అది ఆరోగ్యవంతుడికి చెప్పిన మాట. రెండు ముక్కలతో ఆ కోటా అయిపోయింది. కాఫీలో వేసుకునేది ఇంకా లెక్కలోకి రానేలేదు.

"అందులో పళ్లు ఉన్నాయి కదండీ" అంటారు. ఉన్నాయి. పన్నెండు ముక్కలకు మూడు పళ్లు, అంటే ముక్కకు పావు పండు! దానిలోని పీచు ఏ మూలకు వస్తుంది? బెల్లమూ అంతే. రంగూ రుచీ వేరు గాని రక్తంలోకి చేరేసరికి పంచదారే. గోధుమపిండి మైదా కంటే కొంత నయమే. ఆ కొంతను చూసుకుని రెండో ముక్క తీసుకుంటే ఆ నయం కూడా పోతుంది.

ఆలివ్ నూనెకు ఇంత పేరు ఎక్కడిదో కూడా చెప్పాలి. స్పెయిన్‌లో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 7,447 మందిని మూడు వర్గాలు చేసి కొన్నేళ్లు గమనించారు. ఒక వర్గానికి ఇంటికి వారానికి ఒక లీటరు ఆలివ్ నూనె ఉచితంగా ఇచ్చారు. ఇంకొక వర్గానికి బాదం, అక్రోటు వంటి గింజలిచ్చారు. మూడో వర్గానికి కొవ్వు తగ్గించమని సలహా ఇచ్చారు. మొదటి రెండు వర్గాల్లోనూ గుండెపోటు, పక్షవాతం వంటివి దాదాపు 30 శాతం తక్కువగా కనిపించాయి. 2013లో అచ్చయిన ఈ పరిశోధనలో మనుషులను వర్గాలుగా విడదీసిన తీరులో లోపాలు బయటపడి, 2018లో దాన్ని వెనక్కు తీసుకుని లెక్కలు సరిచేసి మళ్లీ అచ్చువేశారు. ఫలితం పెద్దగా మారలేదు. కాని ఆ జనం నూనె తిన్నది దేనితో? కూరగాయలతో, పప్పుధాన్యాలతో, చేపలతో. బజారు కేకులు, పేస్ట్రీలు తగ్గించమని వాళ్లకు సలహా కూడా ఇచ్చారు. ఆ ముక్క మన దాకా రాలేదు, నూనె సీసా మాత్రం వచ్చింది.

అయితే కేకులో ఆలివ్ నూనె పోయడం అమెరికా వారి కొత్త ఫ్యాషనేమీ కాదు. మధ్యధరా సముద్రం ఒడ్డున ఉండేవారికి అది ఇంటి నూనె, మనకు నువ్వుల నూనెలా. గ్రీసులో ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాస కాలంలో పాలు, వెన్న, గుడ్లు ముట్టరు. అందువల్ల నూనెతోనే చేసుకునే కేకులు అక్కడ ఎన్నో ఉన్నాయి. ఆగస్టు 27న సెయింట్ ఫనూరియోస్ పేరిట నారింజరసం, కిస్‌మిస్, దాల్చినచెక్క వేసి ఒక కేకు చేసి, చర్చికి తీసుకువెళ్లి అందరికీ పంచుతారు. పంచిపెడతారన్నది గమనించండి. ఇంటిల్లిపాదీ రోజూ ఇడ్లీకి బదులు తినరు.

ఇప్పుడు పక్కింటావిడ మాట. ఓవెన్ వేడి 180 డిగ్రీలు. మంచి ఆలివ్ నూనె పొగ వచ్చేది సుమారు 190 నుంచి 210 డిగ్రీల దగ్గర. పైగా పిండిలో తడి ఉన్నంతసేపూ కేకు లోపలి వేడి వంద డిగ్రీలు దాటదు. కాబట్టి విషం మాట వదిలేయండి. వాసననిచ్చే సున్నితమైన పదార్థాలు కొన్ని వేడికి తగ్గుతాయి, అంతే.

కొనేటప్పుడు సీసా మీది మాటలు చదవండి. 'ఎక్స్‌ట్రా వర్జిన్' అంటే కాయను నూరి పిండిన నూనె, శుద్ధి చేయనిది. 'లైట్' అంటే కొవ్వు తక్కువని చాలామంది అనుకుంటున్నారు. తక్కువైనది రంగు, వాసన మాత్రమే. 'పోమస్' అంటే పిండగా మిగిలిన పిప్పి నుంచి రసాయన ద్రావకంతో తీసి శుద్ధి చేసినది. మన ఇళ్లలో పూర్వం ఆలివ్ నూనె అంటే పసిబిడ్డ ఒంటికి రాసే చిన్న డబ్బా. ఒంటికి రాసుకోవడానికని అమ్మేది వంటకు వాడకండి. సీసాను పొయ్యి పక్కన, ఎండ తగిలేచోట పెడితే నూనె పాతబడి వాసన వస్తుంది. చీకటి అలమరలో పెట్టండి.

అంత ఖరీదు పెట్టలేనివారు చిన్నబుచ్చుకోనక్కర లేదు. కేకుకు వేరుశనగ నూనె, తవుడు నూనె చక్కగా పనికివస్తాయి. వాటిలో కూడా సంతృప్త కొవ్వు వెన్నలో కంటే ఎంతో తక్కువ. మా ఇంట్లో ఆలివ్ నూనె ఉన్నప్పుడు అది, లేనప్పుడు వేరుశనగ.

తీపి తగ్గించి మా ఇంట్లో చేసే బత్తాయి కేకు ఇది. మైదా, గోధుమపిండి చెరి సగం కలిపి 200 గ్రాములు, ఒకటిన్నర చెంచాల బేకింగ్ పౌడరు, 100 గ్రాముల పంచదార, 100 మిల్లీలీటర్ల నూనె, రెండు గుడ్లు, అరగ్లాసు బత్తాయి రసం. కాయను బాగా కడిగి పై పచ్చటి తొక్కను సన్నగా కోరి వేయాలి. లోపలి తెల్లటి పొర పడితే చేదు. ఆ తొక్క వాసనే ఆలివ్ నూనెలోని వగరును కప్పేసి, పంచదార తక్కువైన సంగతి నాలుకకు తెలియనివ్వదు. కుక్కర్‌లో ఇసుక పోసి చేసేవారు రబ్బరూ వెయిటూ తీసేయడం మరచిపోకండి.

ఆ కేకులో మీవారికి వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు, వేలి మందం ముక్క ఒకటి ఇవ్వండి. అదీ భోజనానికి అదనంగా కాదు, ఆ పూట అన్నమో ఇడ్లీయో తగ్గించి. తిన్న రెండు గంటలకు ఇంట్లో మీటరుతో షుగరు చూడండి. 180 దాటుతుంటే ముక్క ఇంకా చిన్నది కావాలన్నమాట. మందులు మాత్రం మీ డాక్టరును అడగకుండా ఒక్కటీ ఆపవద్దు. ఇంకొక మాట. ఎప్పుడైనా షుగరు బాగా పడిపోయి చెమటలు, వణుకు వస్తే కేకు పెట్టకండి. దానిలోని నూనె చక్కెరను త్వరగా ఒంటపట్టనివ్వదు. మూడు చెంచాల గ్లూకోజో పంచదారో నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

తీపి లేకపోతే ప్రాణం పోయినట్టుండే మనిషి కాబట్టి ఇంకొక దారి చెబుతాను. ఒక యాపిల్‌ను గానీ దోరజామను గానీ ముక్కలు కోసి, చిన్న చెంచా ఆలివ్ నూనె, చిటికెడు దాల్చినచెక్క పొడి పట్టించి ఓవెన్‌లో మెత్తబడే దాకా ఉంచండి. పైన నాలుగు బాదం పలుకులు దంచి చల్లండి. పంచదార అక్కర లేదు. వేడికి పండులోని తీపే పైకి తేలుతుంది. ఆ రోజు తినవలసిన పండు ఇదే అవుతుంది కనుక మీవారు తరచుగా తినవచ్చు.

బేకరీలో కొన్న టూటీ ఫ్రూటీని, ఎర్ర చెర్రీలను పండ్ల కింద లెక్క వేయకండి. మొదటిది పచ్చి బొప్పాయి ముక్కలను పాకంలో ఊరబెట్టి రంగు వేసినది. రెండోది చాలాచోట్ల మన వాక్కాయే, అదే పాకంలో ఊరినది.

మనవడికి చిన్న ముక్క నిరభ్యంతరంగా పెట్టవచ్చు. అయిదేళ్ల లోపు పిల్లలకు పెట్టే కేకులో బాదం, జీడిపప్పు నిండు పలుకులు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. పొడి చేసి వేయండి.

నూనె కేకు వెన్న కేకులా గట్టిపడదు, మెత్తగానే ఉంటుంది. అందుకని మేజా మీద వారం రోజులు ఉంచకండి. పండు గుజ్జు వేసినది మన కోస్తా ఉక్కకు రెండో రోజుకే బూజు పట్టవచ్చు. చల్లారగానే ముక్కలు కోసి, సగం ఇరుగుపొరుగుకు పంపి, మిగిలినవి మూతగల డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో ముగించండి. ఒక మూల బూజు కనిపిస్తే ఆ మూల ఒక్కటే కోసి పారేస్తే చాలదు. కంటికి కనపడని బూజు లోపలి దాకా పాకి ఉంటుంది, కేకు మొత్తం పారేయండి.