నెత్తురు పడితే అన్నీ మొలలు కావు



ఈసారి రాసేది నలుగురిలో చెప్పుకోడానికి సిగ్గుపడే సంగతి. సిగ్గుపడే మనవాళ్ళు చచ్చిపోతున్నారు, అందుకే రాస్తున్నాను.

మా పెద్దమ్మ కూలికి పోయే మనిషి. బైటికెళ్ళినప్పుడల్లా నెత్తురు పడతా ఉంటే రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. చివరికి చెబితే ఊళ్ళో ఆరెంపీ ‘మొలలే’ అని బిళ్ళలిచ్చాడు. టౌనులో ‘కోత లేకుండా మొలలు మాయం’ అని గోడల మీద రాయించుకున్నాయన సూది వేసి డబ్బు గుంజాడు. సర్కారు ఆసుపత్రిలో డాక్టరు తలెత్తకుండానే మొలల మందు రాసి, రక్తం తక్కువగా ఉందని ఐరన్ బిళ్ళలు ఇచ్చి పంపాడు. మనిషి సగమైపోయాక నగరానికి తీసుకుపోయాను. అక్కడ ఒక లేడీ డాక్టరు చేతికి తొడుగు వేసుకుని వేలితో లోపల పరీక్ష చేసింది. ఒక్క నిమిషం పని. గడ్డ వేలికి తగిలింది. మలాశయం కేన్సర్. అప్పటికే కాలేయానికి పాకింది.

“ఇంతమంది చూశారు గదరా అబ్బయ్యా, ఒక్కరూ ముట్టుకోలేదే” అంది పెద్దమ్మ. ఆ మాట నన్ను ఇప్పటికీ పొడుస్తా ఉంది.

కులం చూసి ముట్టుకోలేదా, తీరిక లేక ముట్టుకోలేదా, నేను రుజువు చెయ్యలేను. కానీ ముట్టుకోకపోవడం అంటే ఏంటో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ దేశంలో మలాన్ని ఒక కులం నెత్తికెత్తారు, మిగతావాళ్ళు ముక్కు మూసుకున్నారు. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినా మురుగు గుంటల్లో దిగి చస్తున్నది మనవాళ్ళే. అట్లాంటి దేశంలో మలం గురించి మాట్లాడటమే మైల. పెద్దపేగు జబ్బు కబురు మాత్రం చాలాసార్లు ముందుగా తెలిసేది అక్కడే. మైల అని కళ్ళు మూసుకుంటే ఆ కబురు అందదు.

ఇంతకీ ఈ జబ్బు గురించి సైన్సు ఏం తేల్చింది? పెద్దపేగు కేన్సర్ ఒక్కరోజులో పుట్టదు. చాలావరకు పేగు లోపలి గోడ మీద పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలై, ముదరడానికి ఏళ్ళు పడుతుంది. దుర్బిణీ గొట్టం పంపి చూసే కొలనోస్కోపీలో ఆ బుడిపెను అప్పుడే కోసేస్తే కేన్సర్ రాకుండానే ఆపవచ్చు. మలంలో కంటికి కనబడని నెత్తుర్ని పట్టే ‘ఫిట్’ అనే చిన్న పరీక్ష కూడా ఉంది. బ్రిటన్‌లో ఆ పరీక్ష సరంజామాను ప్రభుత్వమే తపాలాలో ఇంటికి పంపిస్తుంది. ఇంట్లోనే కాస్త మలం తీసి తిరిగి పంపితే చాలు.

ఆపరేషనూ మారింది. ఒకప్పుడు మలాశయంలో కింద గడ్డ వస్తే మలద్వారమే తీసేసి, జీవితాంతం పొట్ట మీద సంచీ పెట్టేవాళ్ళు. కోసినా చాలామందికి గడ్డ అక్కడే తిరిగొచ్చేది. ఇంగ్లండులో బేసింగ్‌స్టోక్ అనే ఊళ్ళో బిల్ హీల్డ్ అనే సర్జను, మలాశయాన్ని దాని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా చిరగకుండా తీయాలని 1982లో రాశాడు. ఆ పద్ధతి వచ్చాక గడ్డ తిరిగి రావడం బాగా తగ్గింది.

బ్రెజిల్‌లో సావో పాలోలో ఏంజెలిటా హబర్-గామా అనే మహిళా సర్జను ఇంకో ప్రశ్న వేసింది. ముందు మందులిచ్చి కరెంటు పెడితే కొందరికి గడ్డ పూర్తిగా కరిగిపోతోంది కదా, ఇంక కోయడం దేనికి? 265 మందిలో అట్లా గడ్డ కరిగిన 71 మందిని కోయకుండా, తరచూ పరీక్షిస్తూ కనిపెట్టుకుని ఉన్నామని ఆమె బృందం 2004లో ప్రకటించింది. వాళ్ళలో ఎక్కువమందికి జబ్బు తిరిగి రాలేదు. మొదట్లో చాలామంది సర్జన్లు నమ్మలేదు. ఇప్పుడు పెద్ద పెద్ద కేంద్రాల్లో తగిన రోగులకు ఆ దారే చెబుతున్నారు. 2022లో న్యూయార్కులోని స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి వాళ్ళు డోస్టార్లిమాబ్ అనే మందుతో 12 మందికి 12 మందికీ మలాశయం గడ్డ మాయమైందని చెప్పారు. అయితే అది వందలో అయిదు పది మందికి ఉండే ఒక రకం గడ్డకే పనిచేస్తుంది. దాని ఖరీదు కూలివాళ్ళు అందుకోలేనిది.

సంతోషమే. కానీ ఇదంతా ఎవరికి? ఈ కొత్త దారులన్నీ జబ్బు పాకకముందు పట్టుకుంటేనే పూర్తిగా కలిసొస్తాయి. కోయకుండా కనిపెట్టుకుని ఉండాలంటే రోగి రెండు మూడు నెలలకోసారి నగరానికి రావాలి. రోజు కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని ఎన్నిసార్లు వస్తాడు? వైద్యం ఎంత ముందుకు పోతే మనం అంత వెనకబడతాం, మనల్ని చేర్చుకునే ఏర్పాటు లేకపోతే.

ఆ ఏర్పాటు కుదురుతుందా అని అడిగేవాళ్ళు అమెరికాలో డెలావేర్ అనే చిన్న రాష్ట్రాన్ని చూడాలి. 1972లో బొంబాయిలో మన దళిత పాంథర్లు పేరు తీసుకున్నది అమెరికా నల్లవాళ్ళ ఉద్యమం నుంచే. ఆ నల్లవాళ్ళు ఈ కేన్సర్‌తో తెల్లవాళ్ళకన్నా ఎక్కువగా చనిపోతున్నారు. సినిమా నటుడు చాడ్విక్ బోస్‌మన్ 2020లో 43 ఏళ్ళకే దీనితో పోయాడు. డెలావేర్ ప్రభుత్వం 2000 తర్వాత ఒక పని చేసింది. బీమా లేనివాళ్ళకు పరీక్ష ఖర్చు తనే పెట్టుకుంది. కేన్సర్ తేలితే రెండేళ్ళ వైద్యం ఖర్చు భరించింది. దారి చూపే నర్సులను పెట్టి జనాన్ని పరీక్షకు రప్పించింది. నల్లవాళ్ళను ప్రత్యేకంగా వెతుక్కుంటూ పోయింది. 2001లో నూటికి 48 మంది నల్లవాళ్ళకే పరీక్ష జరిగితే 2009కి 74 మందికి జరిగింది, తెల్లవాళ్ళతో సమానంగా. పాకిపోయిన దశలో బయటపడే నల్లవాళ్ళు నూటికి 79 నుంచి 40కి తగ్గారు. చావుల్లో తేడా దాదాపు చెరిగిపోయింది.

చూడండి, ఆ తేడా చెరిపింది కొత్త మందు కాదు. పాత పరీక్షే, గడప దాకా వచ్చింది. నల్లవాళ్ళ ఒంట్లోనే లోపం ఉందన్నవాళ్ళకు అంతకన్నా జవాబు ఏం కావాలి?

మన దగ్గర 30 దాటినవాళ్ళకు నోటి, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం కేన్సర్లకు సర్కారు పరీక్ష ఉంది. పేగుకు లేదు. పడమటి దేశాలకన్నా మన దేశంలో ఈ జబ్బు తక్కువ, అందరికీ పరీక్ష దండగ అంటారు. సరే, ఒప్పుకుందాం. అందరికీ అడగడం లేదు. నెత్తురు పడతా ఉందని నోరు తెరిచి చెప్పిన మనిషికైనా పరీక్ష చెయ్యాలా వద్దా? 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక ఆదుకునేది. చేరేదాకా పోయిన రెండేళ్ళు ఎవరిస్తారు?

అందుకని మనం అడగాల్సినవి ఇవి. నెత్తురు పడతా ఉందన్న ప్రతి మనిషికీ పీహెచ్‌సీలో వేలి పరీక్ష చెయ్యాలి, చేసినట్టు చీటీలో రాయాలి. ఆడవాళ్ళకు ఆడ డాక్టరో నర్సో పక్కన ఉండాలి. జిల్లా ఆసుపత్రిలో కొలనోస్కోపీ ఉచితంగా, నెలల తరబడి తిప్పకుండా చెయ్యాలి. సంచీ పెట్టినవాళ్ళకు సంచీలు సర్కారే ఇవ్వాలి. పరీక్షలకు వచ్చే రోగికి దారి ఖర్చులు ఇవ్వాలి.

మన వైపు పని కూడా ఉంది. నెత్తురు పడితే చాలావరకు మొలలే, భయపడొద్దు. జిగట విరేచనాలు, పేగు క్షయ వంటివీ కావచ్చు. కానీ నెత్తురు మూడు వారాలు దాటినా ఆగకపోతే, విరేచనం తీరు మారితే, పోయొచ్చినా ఇంకా ఉన్నట్టే అనిపిస్తే, తిన్నా మనిషి చిక్కిపోతే, కారణం తెలియకుండా రక్తం తగ్గితే డాక్టరు దగ్గరికి పోండి. “వేలితో చూశారా?” అని అడగండి. చూడకుండా చీటీ రాస్తే ఆ చీటీ తీసుకుని సంఘం దగ్గరికి రండి, కలిసి పోదాం.

ముట్టుకోమని మనం బతిమాలడం లేదు. ముట్టుకుని చూడటం డాక్టరు చదువులో మొదటి పాఠం. ఆ చదువు సర్కారు డబ్బుతో చదివినవాళ్ళున్నారు, ఆ డబ్బులో మా పెద్దమ్మ చెమట కూడా ఉంది. ఇప్పుడామె లేదు. ఆమె అడిగిన మాట మాత్రం ప్రతి పల్లెలో అడుగుదాం.