కవర్ అయితే లెక్కలోకి రాదట!

మా ఇంట్లో నెలకో శనివారం సాయంత్రం ఒక సభ జరుగుతుంది. మావారు, ఆయనతో ఇంజనీరింగ్ చదివిన స్నేహితులు ముగ్గురు సభ్యులు. పకోడీలు నావి, పాట వాళ్ళది. పాట అంటే ఒక్కటే పాట, లెడ్ జెప్లిన్ వాళ్ళ 'స్టెయిర్‌వే టు హెవెన్'. కాలేజీ రోజుల్లో క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నారట. ఇప్పుడు టీవీలో యూట్యూబ్ పెట్టుకుని, స్టేజీ మీద ఏ ఏడు పాడింది గొప్పదో తేల్చుకుంటారు. పన్నెండేళ్ళుగా తేలలేదు.

ఇంగ్లీషు పాట, మనకెందుకులే అని పేజీ తిప్పెయ్యకండి. అసలు సంగతి మనదే.

ఆ పాట 1971 నవంబరులో రికార్డుగా వచ్చింది. ఎనిమిది నిమిషాలు. ఒక్క గిటారుతో, పిల్లనగ్రోవిలాంటి వాద్యంతో నెమ్మదిగా మొదలవుతుంది. సగం దాకా డ్రమ్ములే ఉండవు. చివరికొచ్చేసరికి పెద్ద గాలివాన. రికార్డు రాకముందే, ఆ ఏడు మార్చి 5న బెల్‌ఫాస్ట్‌లో మొదటిసారి జనం ముందు పాడితే, విన్నవాళ్ళకి పెద్దగా పట్టలేదట. నాకు ఈ ముక్క భలే నచ్చుతుంది.

ఒకాయన ఓటు 1973 జులై న్యూయార్క్ కచేరీకి. జిమ్మీ పేజ్ రెండు మెడల గిటారు పట్టుకుంటాడు, పైన పన్నెండు తీగలు, కింద ఆరు. మధ్యలో గిటారు మార్చుకోనక్కర్లేకుండా అన్నమాట. ఆ సోలో ఎన్ని సెకన్లు సాగిందో వీళ్ళు వాచీ పెట్టి చూస్తారు. మావారి ఓటు 1975 మే నెల లండన్ ఎర్ల్స్ కోర్ట్‌కి. ఆ తరవాతవన్నీ వీళ్ళకి పనికిరానివే. "అప్పటికే గొంతు పోయింది" అంటారు, ఏదో తద్దినం మాట మాట్లాడుకుంటున్నట్టు.

రాబర్ట్ ప్లాంట్ వయసు నేను లెక్క కట్టాను. న్యూయార్క్‌లో 24, లండన్‌లో 26. అంటే మనిషికి ముప్ఫై రాకముందే ఆ పాటతో పని అయిపోయిందన్నమాట! తరవాత బతికిన యాభై ఏళ్ళూ ఆ రెండు సాయంత్రాలకి నకలు తియ్యలేక ఓడిపోవడమేనా?

1985 లైవ్ ఎయిడ్ బాగాలేదు, ఒప్పుకుంటాను. గొంతు బొంగురు, గిటారు శ్రుతి తప్పింది, సాధన చాలని ఇద్దరు డ్రమ్మర్లు. తరవాత డీవీడీలో వెయ్యడానికి వాళ్ళే ఒప్పుకోలేదు. కానీ 2007 డిసెంబరు, లండన్ ఓ2లో పాడింది చూడండి. మనిషికి 59 ఏళ్ళు. ఆ రాత్రి కొన్ని పాటలకి శ్రుతి దించుకున్నారు. ఈ పాటలో ఒకప్పుడు అరిచిన చోట అరవడు, మాటని పక్కకి తిప్పి నిలబెడతాడు. నాకు వినపడింది ఇదీ అని చెప్తే, మావారు "నువ్వు పాటలో కూడా పొదుపే చూస్తావు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వంటింట్లోకి వచ్చాక కోపం వచ్చింది.

ఇక అసలు గొడవ. 2012 డిసెంబరులో వాషింగ్టన్‌లోని కెన్నెడీ సెంటర్‌లో లెడ్ జెప్లిన్ ముగ్గురికీ సన్మానం చేశారు. ఆ వేదిక మీద ఈ పాట పాడింది హార్ట్ అనే బ్యాండ్ అక్కాచెల్లెళ్ళు. అక్క ఆన్ విల్సన్ పాట, చెల్లెలు నాన్సీ గిటారు. అప్పటికి అక్కకి 62, చెల్లెలికి 58. డ్రమ్ముల ముందు జేసన్ బోనమ్. వాళ్ళ నాన్న జాన్ బోనమ్ లెడ్ జెప్లిన్ డ్రమ్మర్. 1980లో ఆయన పోయాక మిగిలినవాళ్ళు బ్యాండే మూసేశారు. పాట చివర్లో వెనక బృందగానం వాళ్ళు జాన్ పెట్టుకునే రకం గుండ్రటి టోపీలు పెట్టుకుని నిలబడ్డారు. పై బాల్కనీలో కూర్చున్న ప్లాంట్ కళ్ళు నిండిపోయాయి. ఆ పాటకి మాటలు రాసినవాడు, వందలసార్లు పాడి పాడి విసిగిపోయి దాన్ని దూరం పెట్టినవాడు, తన పాటని మొదటిసారి వింటున్నట్టు విన్నాడు.

"ఇది పెట్టండి" అన్నాను మొన్న. "అది కవర్ వదినా, లెక్కలోకి రాదు" అన్నాడు వాళ్ళలో ఒకాయన, పకోడీ నములుతూ.

రాదా? ఆ లెక్కన మన కచేరీలన్నీ కవర్లే కదండీ. త్యాగరాజస్వామి గొంతు విన్నవాళ్ళెవరున్నారు? మా నాన్నగారు, వాళ్ళ స్నేహితులు పాండవోద్యోగం పద్యాల మీద ఇలాగే పోట్లాడుకునేవారు. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడని ఒకరు, షణ్ముఖి ఆంజనేయరాజు గారి కృష్ణుడని ఇంకొకరు. తెల్లవారేదాకా వన్స్‌మోర్లు కొట్టించినవాళ్ళ మాటలు. కానీ ఆ పద్యాలు తిరుపతి వేంకట కవులవి కాబట్టి మిగిలినవాళ్ళవి లెక్కలోకి రావని ఏ ఒక్కరూ అనలేదు. పద్యం ఒకరిది, పాడినవాళ్ళు పదిమంది. పోల్చుకోవడంలో సరదా అంతా అక్కడే ఉంది. నేను పోల్చొద్దనడం లేదు. ఎవరు పాడితే పోలుస్తారో ముందే గేటు దగ్గర తేల్చేస్తున్నారు, దానికే నా అభ్యంతరం.

ఆ అక్కాచెల్లెళ్ళకి గేటు దగ్గర నిలబడడం కొత్త కాదు. డెబ్భైల్లో క్లబ్బుల్లో లెడ్ జెప్లిన్ పాటలు పాడుకుంటూ పైకొచ్చారు. సొంత రికార్డు అమ్ముడవుతున్న రోజుల్లో వాళ్ళ కంపెనీయే, ప్రచారం కోసం అక్కాచెల్లెళ్ళ మధ్య లేని సంబంధం ఉన్నట్టు స్ఫురించే ప్రకటన వేసింది. ఆ కోపంలో ఆన్ రాసిన పాటే 1977 నాటి 'బారకూడా'. ఎనభైల్లో ఆవిడ ఒళ్ళు చేస్తే, వీడియోల్లో ఒంటిని దాచి మొహం వరకే చూపించేవారు. పాడేది ఆవిడ, కెమెరా ముందుకొచ్చేది చెల్లెలు. ఇవన్నీ దాటి 62 ఏళ్ళ వయసులో, పాట కట్టినవాళ్ళ ఎదురుగా నిలబడి పాడింది. ఆ పాడడంలో హడావుడి లేదు, నెమ్మదిగా మొదలుపెట్టి, దాచుకుని దాచుకుని, చివర్లో వదిలింది. అది లెక్కలోకి రాదట! పాతికేళ్ళ కుర్రాడి కేక మాత్రం వస్తుందట.

ఇంత ఉక్రోషం ఎందుకంటారా. చెప్తాను. కాలేజీలో తెలుగు డిపార్ట్‌మెంట్ ఫంక్షన్ అంటే ప్రార్థన నాదే. ఐదు శ్రుతిలో పాడేదాన్ని. పెళ్ళయ్యాక పేరంటాల్లో మంగళహారతికి నన్నే పిలిచేవారు. ఆరేళ్ళ కిందట ఒక పేరంటంలో పాడి కూర్చున్నాక, కావలసినావిడే, "మునుపటి గొంతు లేదే నీకు" అంది. చెడ్డగా అనలేదు. కాని ఆ రోజునుంచీ ఎవరడిగినా "జలుబు చేసింది" అంటున్నాను. ఆరేళ్ళ జలుబు. నన్ను నేనే 1973లో ఆపేసుకున్నానని, ఆ శనివారం పకోడీల మూకుడు దించుతుంటే తెలిసింది.

ప్లాంట్ 2023 అక్టోబరులో, 75 ఏళ్ళ వయసులో, క్యాన్సర్ రోగుల సహాయనిధి కార్యక్రమంలో ఆ పాట మళ్ళీ పాడాడు. పదహారేళ్ళ తరవాత. మావారికి ఫోన్లో చూపించాను. మొత్తం విన్నారు. "బాగానే ఉంది, కానీ..." అన్నారు. ఆ 'కానీ' దగ్గర ఫోన్ తీసేసుకున్నాను.

శ్రావణ శుక్రవారం మా ఇంట్లో పేరంటం. హారతి నేనే పాడతాను. నిన్న వంటింట్లో తలుపేసుకుని చూసుకున్నాను, నాలుగు శ్రుతిలో హాయిగా వస్తోంది. పక్క గదిలోంచి మావారు "ఎవరొచ్చారు?" అని అడిగారు.