ఆట రాసే అమ్మాయికి అర్ధరాత్రి దారేదీ?

మియాపూర్: ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ రాత్రి మ్యాచ్ 7.30 గంటలకు మొదలవుతుంది. ముగిసేసరికి 11 గంటలు దాటుతుంది. జనం ఇంటిదారి పట్టే వేళకు విలేఖరి పని ముమ్మరమవుతుంది. ఆటగాళ్లు చెప్పేది వినాలి, వార్త రాసి పంపాలి. అప్పటికి అర్ధరాత్రి. ఆ విలేఖరి మహిళ అయి, ఆమె ఇల్లు పాతిక కిలోమీటర్లకు పైగా దూరాన మియాపూర్‌లో ఉంటే అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

నగరంలో మెట్రో రైలు 2017 నవంబరులో మియాపూర్‌లోనే ప్రారంభమైంది. అమీర్‌పేటలో బండి మారితే ఉప్పల్‌లోని స్టేడియం స్టేషన్‌లో దిగవచ్చు. వెళ్లేటప్పుడు ఇది ఎంతో సౌకర్యం. కాని మామూలు రోజుల్లో రాత్రి 11 ప్రాంతంలో ఆఖరి బండి బయలుదేరుతుంది. మ్యాచ్ రోజుల్లో వేళలు పొడిగించిన సందర్భాలున్నా, అది ప్రేక్షకుల కోసమే గాని వార్త రాసేవారి కోసం కాదు.

ఒకే ఊరు, రెండు తీరులు

అదే మియాపూర్‌లో ఉంటూ హైటెక్ సిటీ, గచ్చిబౌలి కంపెనీల్లో రాత్రి షిఫ్టు చేసే మహిళలను కంపెనీ కారు ఇంటి గుమ్మంలో దింపి వెళుతుంది. రాత్రివేళ మహిళలతో పని చేయించుకునే సంస్థలు రవాణా, భద్రత కల్పించాలన్న షరతు ఉండడమే ఇందుకు కారణం. పత్రికలు, టీవీ సంస్థలన్నింటిలో ఈ ఏర్పాటు లేదు. ఊరూరా పనిచేసే కంట్రిబ్యూటర్ల సంగతి చెప్పనక్కరలేదు. వారి దారి ఖర్చు వారిదే.

ఇక్కడే మరో చిక్కు ఉంది. "రాత్రి మ్యాచ్ కదా, నీకెందుకమ్మా శ్రమ" అని పెద్దలు మహిళా విలేఖరిని తప్పిస్తారు. వినడానికి దయగానే ఉంటుంది. కాని పెద్ద మ్యాచ్‌లన్నీ రాత్రివే. అవి రాయకపోతే అనుభవం రాదు, పేరు రాదు, పై హోదా రాదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదన్నట్టు, బండీ పెట్టరు, పనికీ పంపరు. చివరకు "ఆడవారికి క్రీడావార్తలు పట్టవు" అన్న అపవాదు మాత్రం మిగులుతుంది.

నాడూ నేడూ

ఆట గురించి చెప్పే శక్తి మహిళలకు లేదనడం సరికాదు. భారత తొలి టెస్ట్ కెప్టెన్, తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు కుమార్తె చంద్రా నాయుడు 1977లోనే ఇండోర్‌లో ఎంసీసీ, బొంబాయి జట్ల మ్యాచ్‌కు వ్యాఖ్యానం చెప్పారు. దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా ఆమె పేరు నిలిచింది. 2021లో ఆమె కన్నుమూశారు. ఇటీవలి కాలంలో వింధ్య విశాఖ తెలుగు టీవీలో ఐపీఎల్ కార్యక్రమాలు నడిపి ఇంటింటా పరిచయమయ్యారు.

అదే 1977లో అమెరికాలో మెలిస్సా లడ్కీ అనే విలేఖరిని బేస్‌బాల్ ఆటగాళ్ల గదిలోకి రానివ్వలేదు. మగ విలేఖరులకు లేని అడ్డు తనకెందుకని ఆమె పక్షాన కోర్టులో దావా పడింది. 1978లో తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. అయితే తలుపు తెరిచినంత మాత్రాన మర్యాద దక్కలేదు. 2016లో ఆస్ట్రేలియాలో ప్రత్యక్ష ప్రసారంలో ప్రశ్న వేసిన మహిళా విలేఖరితో క్రిస్ గేల్ వెకిలిగా మాట్లాడాడు. అతని జట్టు 10,000 డాలర్ల జరిమానా విధించింది. 2017లో ఒక విలేఖరి మిథాలీ రాజ్‌ను మీకు నచ్చిన పురుష క్రికెటర్ ఎవరని అడిగితే, మగ ఆటగాళ్లను ఇలాగే అడుగుతారా అని ఆమె ఎదురు ప్రశ్న వేయడం గమనార్హం.

పల్లెలకేమి సంబంధం?

ఇది పట్నం ముచ్చట అనుకోరాదు. క్రీడల్లో పాల్గొనేవారిలో మహిళలు 40 శాతం ఉండగా, క్రీడావార్తల్లో వారికి దక్కే చోటు 4 శాతమేనని యునెస్కో పేర్కొంది. కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన శ్రీ చరణి, హైదరాబాద్‌కు చెందిన అరుంధతి రెడ్డి 2025 నవంబరులో ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉన్నారు. గెలిచాక అందరూ రాశారు. గెలవక ముందు, మండల స్థాయి కబడ్డీ, ఖోఖో పోటీల్లో ఆడే బాలికలను పట్టించుకునేదెవరు? మైదానంలో దుస్తులు మార్చుకునే గది లేదని, మరుగుదొడ్డి లేదని ఆ పిల్లలు మగ విలేఖరితో చెప్పుకోలేరు. అడిగే మహిళ లేకపోతే ఆ వార్తే లేదు.

చట్టం ఉన్నది

పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, ఆపైన ఉద్యోగులున్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. పని మీద వెళ్లిన మైదానమూ పనిచోటే. తాత్కాలిక ఉద్యోగులకూ ఇది వర్తిస్తుంది. చిన్న సంస్థల వారు జిల్లాలోని స్థానిక కమిటీకి మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతి తెలియక ఊరుకుంటున్నవారే ఎక్కువ.

కావలసినవి కొండంత కోరికలు కావు. రాత్రి మ్యాచ్‌కు పంపితే తిరిగి వచ్చేందుకు బండి, మైదానంలో మరుగుదొడ్డి, అడిగిన ప్రశ్నకు మర్యాదగా జవాబు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగినికి సాధ్యమైన ఏర్పాటు విలేఖరికి ఎందుకు సాధ్యం కాదో యాజమాన్యాలు, క్రీడా సంఘాలు, అధికారులు ఆలోచించాల్సి ఉంది.