ఖైరాత్‌దే కదా!



మన ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది. "ఖైరాత్‌దే కదా!" బియ్యంలో పురుగు కనిపించినా, కుర్తాకు గుండీలు ఊడిపోయినా, దుప్పటి మధ్యలో చిరిగినా ఈ ఒక్క మాటతో అన్నీ సర్దుకుపోతాయి. ఇచ్చేవాళ్లకు తసల్లీ మిగులుతుంది, పుచ్చుకునేవాళ్లకు చిరుగు మిగులుతుంది. ఈ మాటను మన జబాన్ మీద నుంచి తీసెయ్యాలని నా అభిప్రాయం. ఎందుకో ఒక బొంత లెక్కతో చెప్తాను.

ఈ చలికాలం మా మొహల్లాలో నలుగురు ఆడవాళ్లం కలిసి ఒక బొంత కుట్టాం. సర్కారు దవాఖానాల్లో రోగికి మంచం దొరుకుతుంది. తోడు వచ్చిన తల్లో, భార్యో, కోడలో వరండాలో నేల మీద పడుకుంటుంది. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఆ నేల ఎలా ఉంటుందో ఒక్కసారి పడుకున్నవాళ్లకే తెలుసు. అలాంటి ఒక ముస్తహఖ్‌కు ఇవ్వాలని మా నియ్యత్.

బొంత లెక్క సులువే. ఐదున్నర మీటర్ల నూలు చీరను మూడు మడతలు వేస్తే 6 అడుగుల పొడవు, సుమారు 45 అంగుళాల వెడల్పు వస్తుంది. రెండు చీరలైతే 6 పొరలు. ముందుగా చీరల్లోని గంజి పోయేదాకా నానబెట్టి ఉతికి ఆరబెట్టాలి. నేల మీద ముడతలు లేకుండా పరిచి, పొరలు జరగకుండా పెద్ద పెద్ద కచ్చా టాంకాలు వేసుకోవాలి. ఆ తర్వాత అంగుళానికి ఒక వరస చొప్పున నిలువునా 44 వరసలు. అంటే 264 అడుగుల కుట్టు. అంగుళానికి మూడు టాంకాలు పడితే మొత్తం తొమ్మిదిన్నర వేలు. జొహర్‌కూ అసర్‌కూ మధ్య దొరికే ఫుర్సత్‌లో కుడితే మాకు మూడు వారాలు పట్టింది.

చివరికి అంచు మిగిలింది. చుట్టూ కలిపి పందొమ్మిదిన్నర అడుగులు. లోపలి కుట్టుతో పోలిస్తే పదమూడో వంతు కూడా లేదు. అయినా అంచు దగ్గర పొరలన్నీ కలిసి మందంగా ఉంటాయి, పైన పట్టీ మడిచి మగ్జీలా కుట్టాలి, సూది దిగదు, వేళ్లు మండుతాయి. అప్పుడే మాలో ఒకామె అంది: "చాల్లే ఆపా, లోపలంతా కుట్టేశాం. అంచు పచ్చికుట్టుతో వదిలేద్దాం. ఖైరాత్‌దే కదా, ఎవరు చూస్తారు?"

ఆమె మాటలో బద్‌నియ్యత్ ఏమీ లేదు. మూడు వారాల మెహనత్ తర్వాత ఎవరి నోటి నుంచైనా వచ్చే మాటే అది. అయినా మేం అంచు పూర్తిగా కుట్టాం, రెండు వరసలు. ఎందుకంటే బొంత ముందుగా విడిపోయేది అంచు దగ్గరే. పడుకున్నవాళ్లు లాక్కునేది అంచు పట్టుకునే, ఉతికేటప్పుడు పిండేది అక్కడే, ఆరవేసేటప్పుడు తడిసిన బరువంతా పడేదీ అక్కడే. అంచు ఊడితే లోపలి పొరలు జరుగుతాయి, ఉండలు కడతాయి. నాలుగు ఉతుకుల్లో బొంత కాస్తా గుడ్డల మూట అవుతుంది.

మన ఇంట్లో బొంత పాడైతే మనకు ఇంకోటి ఉంటుంది. దవాఖానా వరండాలో పడుకునే మనిషికి ఇంకోటి ఉండదు. ఆమె ఆ బొంతను బండ మీద బాదుతుంది, ఎండలో పడేస్తుంది, పగలు పరుపుగా, రాత్రి దుప్పటిగా, ఊరికి వెళ్లేటప్పుడు మూటగా వాడుకుంటుంది. అంటే ఖైరాత్ బొంతకు మన సొంత బొంత కంటే ఎక్కువ గట్టి కుట్టు కావాలి. మనం మాత్రం తక్కువ కుట్టి ఇస్తాం. లెక్కే తలకిందులు.

ఉత్తర కన్నడ అడవి పల్లెల్లో సిద్దీ స్త్రీలు కవంది అనే బొంతలు కుడతారు. ఆఫ్రికా నుంచి వచ్చిన పూర్వీకుల సంతతి వాళ్లు. ముస్లింలు, క్రైస్తవులు, హిందువులు అందరూ ఉన్నారు వాళ్లలో. పాత బట్టల ముక్కలే వాళ్ల సరుకు. కుట్టు అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకు వస్తారు. అంతా అయ్యాక నాలుగు మూలల్లో మడిచిన చిన్న ముక్కలు పువ్వుల్లా కుడతారు. ఆ ఫుల్లాలు లేని కవంది వాళ్ల దృష్టిలో ఒంటి మీద బట్ట లేనట్టే. చేతిలో పైసా లేనివాళ్లు కూడా పని పూర్తయిందని ఎప్పుడు అనాలో ఒక హద్దు పెట్టుకున్నారు. మనం ఖైరాత్ దగ్గరికి వచ్చేసరికి ఆ హద్దు జరిపేస్తున్నాం.

ఇక దీన్ ఏమంటుందో చూద్దాం. బఖరా సూరా 267వ ఆయత్ మనలో చాలామందికి తెలిసిందే. మంచి దాని నుంచి ఖర్చు పెట్టమని, మనకే ఎవరైనా ఇస్తే కళ్లు మూసుకుని తప్ప తీసుకోలేని నాసిరకాన్ని ఏరి ఇవ్వొద్దని అందులో హుకుం ఉంది. దాని నేపథ్యం తిర్మిజీలోని ఒక రివాయత్‌లో ఉంది. మదీనాలో అన్సార్లు తమ తోటల్లోంచి ఖర్జూరపు గెలలు తెచ్చి మస్జిద్‌లో వేలాడదీసేవారు. సుఫ్ఫా మీద ఉండే ఫఖీర్ సహాబాలు ఆకలైతే వాటిలోంచి తినేవారు. కొందరు మాత్రం ఎండిపోయినవి, విరిగిపోయినవి తెచ్చి కట్టేవారు. ఆ సందర్భంలో ఈ ఆయత్ దిగింది. ఆ కొందరు కూడా ఇవ్వడం మానలేదని గమనించండి. గెల తెచ్చారు, కట్టారు. కానీ "ఖైరాత్‌దే కదా" అనుకున్నారు.

ఇంకో మిసాల్ ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (ర) గారిది. తన భార్యల్లో ఎవరి చెయ్యి పొడవో వాళ్లే తనను ముందుగా కలుసుకుంటారని ప్రవక్త (స) చెబితే, ఆ ఇంటి స్త్రీలు నిజంగానే చేతులు కొలుచుకున్నారు. ప్రవక్త (స) తర్వాత వాళ్లలో మొదట కన్నుమూసింది హజ్రత్ జైనబ్ (ర), హిజ్రీ 20లో. పొడవైన చెయ్యి అంటే సద్ఖా చేసే చెయ్యి అని అప్పుడు అర్థమైంది. ఆమె తన చేతులతో పని చేసి, తోళ్లు పదును చేసి, కుట్టి, వచ్చినదాన్ని సద్ఖా చేసేవారు. సహీ ముస్లింలో హజ్రత్ ఆయిషా (ర) ఆమె చేతి పనిని, సద్ఖాను కలిపే చెప్పారు. సూది పట్టిన చేతికి మన దీన్‌లో ఇంత ఇజ్జత్ ఉంది. ఆ చేతి పనిని అరకొరగా వదిలేసి ఇవ్వడానికి మనసెలా ఒప్పుతుంది?

ఒక ప్రశ్న వస్తుంది, న్యాయమైనదే. నలుగురు మూడు వారాలు ఒక్క బొంత మీద కూర్చునే బదులు పైసలు పోగేసి బజార్లో పది కంబళ్లు కొని పంచొచ్చు కదా? కొన్నిసార్లు అదే సరైన పని. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు ఎవరికైనా ఆ రాత్రికి కావాల్సింది తాగే నీళ్లు, అన్నం, పొడి బట్ట. అప్పుడు సూది పట్టుకుని కూర్చోవడం తెలివైన పని కాదు. కానీ చలికాలం వరద లాంటిది కాదు, ఏటా చెప్పే వస్తుంది. దానికి ఆషాఢంలోనే కుట్టడం మొదలుపెట్టొచ్చు. పైగా పైసలున్నవాళ్లు కంబళ్లు కొంటారు. పైసలు లేని ఆడవాళ్లు మన మొహల్లాల్లో ఎంతమంది లేరు? సద్ఖా చెయ్యాలని వాళ్లకూ ఉంటుంది. పాత చీర, సూది, తాగా, ఒక గంట ఫుర్సత్. వాళ్లకు ఇదే దారి. ఆ దారిని చిన్నచూపు చూడొద్దు.

ఇంకొందరు అడుగుతారు: బొంత పాత చీరలతోనే కదా కుట్టేది, మరి పాతది ఇవ్వొద్దంటే ఎలా? పాతదనం ఐబ్ కాదు. నాలుగేళ్లు కట్టి ఉతికిన నూలు చీర కంటే మెత్తని బట్ట లేదు. మనం కప్పుకునే బొంతలూ వాటితోనే అవుతాయి. ఐబ్ ఉన్నది చీకిపోయిన బట్టలో. చీరను వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. పోగులు విడిపోయి జల్లెడలా కనిపిస్తే అది మసిగుడ్డకు పనికొస్తుంది, బొంతకు కాదు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో సహాయం పేరుతో వచ్చిన పాత బట్టలు గుట్టలుగా రోడ్ల పక్కన పడి ఉన్నాయి. సర్వం పోగొట్టుకున్నవాళ్లు కూడా వాటిని ముట్టుకోలేదు. ఆఫత్‌లో ఉన్నా మనిషి ఇజ్జత్ పోదు.

బొంత కాదు, రూయితో రజాయి చేయిద్దామనుకుంటే ఇంకా మంచిది. పాత పరుపులోని దూది గడ్డకట్టి ఉంటే పారెయ్యకండి. దూదేకుల, నూర్‌బాషా, లద్దాఫ్, పింజారీ అని పిలిపించుకునే మన బిరాదరీ తరతరాలుగా చేసిన పని ఇదే. విల్లు భుజాన వేసుకుని వీధి వీధి తిరిగినవాళ్లు. ఫోమ్ పరుపులు, ఫ్యాక్టరీ రజాయిలు వచ్చి ఆ పని చాలావరకు పోయింది. మీ ఊళ్లో దూది ఏకేవాళ్లు ఇంకా ఉంటే వాళ్లతోనే ఏకించండి. మజ్దూరీ దగ్గర మాత్రం "సవాబ్ పని భాయ్, తగ్గించుకో" అని బేరమాడకండి. సద్ఖా మీది, వాళ్ల చెమట మీది కాదు.

ఇచ్చేటప్పుడు కూడా ఒక అంచు ఉంటుంది, అదీ సరిగ్గా కుట్టాలి. బొంత చేతికిచ్చి పక్కన నిలబడి ఫోటో దిగి ఖాందాన్ గ్రూపులో పెడితే, లోపలి కుట్టు ఎంత గట్టిదైనా ఇఖ్లాస్ అక్కడే ఊడిపోతుంది. మా బొంతను వార్డులో పనిచేసే ఒక ఆయమ్మ చేతికిచ్చాం. ఎవరికి అవసరమో ఆమెకు మా కంటే బాగా తెలుసు. ఎవరు కప్పుకున్నారో మాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

చివరగా ఒక చిన్న కొలబద్ద చెప్తాను. మన ప్రతి ఇంట్లో ఇనప సందూఖ్‌లో ఒక మంచి రజాయి ఉంటుంది. దామాద్ వచ్చినప్పుడు, దూరం నుంచి మెహమాన్ వచ్చినప్పుడు మాత్రమే బయటికి తీస్తాం. ఖైరాత్‌కు ఏదైనా సిద్ధం చేశాక ఒక్కసారి ఆలోచించండి: రజాయి తక్కువైన రాత్రి దీన్ని దామాద్‌కు కప్పగలనా? కప్పగలిగితే ఇవ్వండి. కప్పలేకపోతే మళ్లీ సూది పట్టుకోండి, ఇంకా పని మిగిలే ఉంది.

మన చేతులు చేసే ప్రతి పనినీ పూర్తి చేసే తౌఫీఖ్ అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఇచ్చినదాన్ని ఖబూల్ చేయుగాక. ఆమీన్.